గోలీల డబ్బా

మా అన్న రూములో గోడకు ఒక బిస్కెట్ల డబ్బా వేలాడుతూ ఉండేది. దానితో నాకు ఏళ్ళ తరబడి పగ. మూత తీస్తే అందులో బిస్కెట్లు ఉండవు, గోలీలు ఉంటాయి. సగం తెగిన స్ట్రిప్పులు, కాగితంలో చుట్టిన విడి గోలీలు, పేరు చెరిగిపోయినవి, రంగు వెలిసినవి. సూరత్‌లోని వడోద్‌లో మరమగ్గాలు నడిపే మా తెలంగాణ వాళ్ళ రూముల్లో అలాంటి డబ్బా లేని రూము నేను చూడలేదు. మరమగ్గాలను మావాళ్ళు సాంచలంటారు. సాంచ ఆగితే కూలి ఆగుతుంది కాబట్టి జ్వరం వచ్చినవాడు డాక్టరు దగ్గరికి పోడు, మందుల షాపులో అడిగి గోలీలు తెచ్చుకుంటాడు. రెండు మూడు పూటలు వేసుకోగానే జ్వరం దిగుతుంది. దిగగానే మిగిలిన గోలీలను కత్తెరతో కత్తిరించి డబ్బాలో వేస్తాడు. తను బాగైపోయాడు కదా, మిగిలింది రేపు పడకెక్కేవాడిది. అది ఆ రూముల ధర్మం. వేయకుండా దాచుకున్నవాడిని పిసినారి అని నెలంతా ఏడిపిస్తారు.

ఆ డబ్బాకు పెద్దమనిషి మా అన్న. ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా అన్న దగ్గరికే వచ్చేవారు. చెయ్యి పట్టి చూసి, నాలుక చాపమని, "ఎర్రది జరానికి, పొడుగుది గొంతుకు, పసుప్పచ్చది పుండుకు" అని పంచేవాడు. డాక్టరు చదువు చదివిన వాళ్ళు కూడా అంత ధీమాగా మందివ్వరు.

నేనేమో ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. రోగి నెత్తురులోనో మూత్రంలోనో ఉన్న సూక్ష్మజీవులను ప్లేటులో పెంచి, ఏ మందుకు చస్తాయో తేల్చి చెప్పడం మా పని. గట్టి జెల్లీ పోసిన గుండ్రటి ప్లేటు మీద వాటిని పులిమి, ఒక్కో మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలను అక్కడక్కడా పెడతాం. తెల్లారేసరికి ప్లేటంతా పాలమీగడలా పొర కట్టుకుంటుంది. మందు పనిచేస్తే ఆ బిళ్ల చుట్టూ పొర లేకుండా ఖాళీ ఉంటుంది. పనిచేయకపోతే పొర బిళ్ల అంచుదాకా పాకుతుంది. నేను చేరిన కొత్తలో ఖాళీలు పెద్దపెద్దగా కనిపించేవి. ఏటేటా అవి చిన్నవైపోవడం నా కళ్ళతోనే చూశాను. అందుకే ఆ డబ్బాను చూస్తే ఒళ్ళు మండేది.

ఒక ఆదివారం డుమస్ సముద్రం ఒడ్డున బజ్జీలు తింటూ కూడా దాని గురించే కొట్లాడుకున్నాం.

"అన్నా, మందు మొత్తం వాడాలె. నడుమ ఆపితే బలం లేని పురుగులు సస్తయి, గట్టియి మిగుల్తయి. మిగిలినయి పిల్లల్ని పెడ్తయి. ఇగ ఆ మందు వాటికి లెక్కనే ఉండది."

"జరం దిగినంక గోలీ మింగుడు ఏందే? కడుపు నిండినంక మళ్ళ బువ్వకు కూసున్నట్టు."

"నీతోని మాట్లాడుడు నాదే తప్పు. ఆ డబ్బాను తీస్కపోయి తాపీ నదిల ఇసిరేస్త, సూడు."

"ఇసిరెయ్ డాక్టరమ్మా. చేపలకు జరమొస్తే పనికొస్తయి" అని నా చేతిలోని బజ్జీ కూడా లాక్కుని తినేశాడు. మళ్ళీ కాసేపటికి తనే, "మిగిలిన మందు పారేస్తరానే ఎవలన్న? ఇంకొకని పానం నిలవడ్తది గదా" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

కరోనా వచ్చిన మొదటి ఏడు కార్ఖానాలు మూతబడ్డాయి. వదిన పిల్లలను తీసుకుని ఊరికి పోయింది. పక్క రూముల్లోని వాళ్ళూ చాలామంది పోయారు. పోతూ పోతూ అందరూ తమ దగ్గరున్న గోలీలను డబ్బాలో వేసిపోయారు. అన్నీ ఒకే రకం గోలీలు. తుమ్మినవాడికీ దగ్గినవాడికీ ఊరంతా అవే ఇచ్చారు మరి. కరోనా వైరస్‌ను ఆ మందు ఏం చేస్తుంది? ఏమీ చేయదు. అది వేరే జాతి సూక్ష్మజీవులకు చేసిన మందు. చెప్పి చెప్పి నా గొంతు పోయింది, వినే నాథుడేడీ! అన్న మాత్రం నిండిన డబ్బాను చూసి సంబరపడ్డాడు.

రెండో ఏడు, వేసవి మొదట్లో, అన్నకే అంటుకుంది. సూరత్‌లోనే అమ్రోలిలో ఉన్న మా ఇంటి నుంచి వడోద్ వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. నేను పనిచేసే ఆసుపత్రిలోనే కాళ్ళావేళ్ళా పడి మంచం సంపాదించాను. ఆక్సిజన్ పెట్టారు. ముప్పు తప్పింది, నెగెటివ్ వచ్చింది, వేరే వార్డుకు మార్చారు. ఊళ్ళో వదినకు ఫోన్ చేసి, "అయిపోయింది వదినా, ఇంక తోల్కొస్త" అని చెప్పాను. చెప్పిన మర్నాడే చలిజ్వరం మొదలైంది. మంచం మంచమంతా వణికింది. నెత్తురు తీసి మా ల్యాబ్‌కు పంపారు.

మా ల్యాబ్ పెద్ద ఒక గుజరాతీ మేడమ్. మాట పొదుపు. గొట్టం మీద అన్న పేరు చూసి, "దీన్ని నేను చూస్తానులే, నువ్వు వదిలెయ్" అంది. నేను వదలలేదు. నా చేతులతోనే పులిమాను, నా చేతులతోనే బిళ్లలు పెట్టాను. పొద్దున్నే వచ్చి ప్లేటును వెలుతురుకు ఎత్తి పట్టాను.

ఒక్క బిళ్ల చుట్టూ కూడా ఖాళీ లేదు.

తిప్పి చూశాను. బోర్లించి చూశాను. పక్కనున్న వేరేవాళ్ళ ప్లేటు తెచ్చి పోల్చాను. అన్న ప్లేటులో పొర అన్ని బిళ్లలనూ ఆనుకుని మెరుస్తోంది. చివరి అస్త్రం అని మేం చెప్పుకునే మందు బిళ్లను కూడా. స్టూలు మీద కూలబడ్డాను. డబ్బా గుర్తొచ్చింది. అన్న మీద పట్టరాని కోపం వచ్చింది. అన్న నెత్తుట్లోకి ఇది ఆ డబ్బా దయ వల్ల వచ్చిందో, మందులెక్కించడానికి మెడకు పెట్టిన గొట్టం లోంచి ఆసుపత్రే ఇచ్చిందో ఎవరూ చెప్పలేరని నాకు తెలుసు. తెలిసినా కోపం అన్న మీదే వచ్చింది.

మేడమ్ వచ్చి ప్లేటు చూసింది. ఫ్రిజ్ తెరిచి, లోపలి అర నుంచి రెండు చిన్న గొట్టాలు తీసింది. ఒక దాంట్లో కొత్తగా వచ్చిన మందు బిళ్లలు, ఇంకో దాంట్లో పాత మందువి. "విడివిడిగా రెండూ దీన్ని చంపలేవు. కలిస్తే ఏమైనా చేస్తాయేమో చూద్దాం" అంది. ఇలాంటి సూక్ష్మజీవులు మందును విరగ్గొట్టే పదార్థాలను తయారుచేసుకుంటాయి. ఒక మందు వాటి చేతులు పట్టుకోవాలి, రెండోది కొట్టాలి. ఇంకో ప్లేటు పులిమి ఆ రెండు బిళ్లలనూ పక్కపక్కనే పెట్టాం.

"ఇది కూడా పనిచేయకపోతే?" అన్నాను.

మేడమ్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. వెనకే వెళ్ళాను.

"ఇంకో కొత్తది ఎందుకు లేదు మేడమ్? దేశదేశాల్లో ఇన్ని కంపెనీలున్నాయి కదా!"

అప్పుడు చెప్పింది. ఒక కొత్త మందు చేయడానికి ఏళ్ళు పడుతుందట. మొదలుపెట్టినవాటిలో చాలావరకు దారిలోనే పోతాయట. పోగా మిగిలింది బజారులోకి వస్తే, దాన్ని అమ్మవద్దు, దాచిపెట్టండి, ఏ మందూ పనిచేయనివాడికి మాత్రమే వాడండి అని డాక్టర్లే అంటారు. అనాలి కూడా. లేకపోతే అదీ పాడవుతుంది. మరి దాచిపెట్టే సరుకును ఏ వ్యాపారి తయారుచేస్తాడు? అదే చక్కెర జబ్బు గోలీ అయితే మనిషి బతికినన్నాళ్ళూ కొంటాడు. విని నాకు ఏడుపు రాలేదు, బండబూతులు వచ్చాయి. మేడమ్‌కు తెలుగు రాదు కాబట్టి అన్నీ తిట్టేశాను.

ఆ రోజు గడిచిన తీరు నాకే తెలుసు. సూక్ష్మజీవులు తొందరపెడితే పెరగవు. వాటి వేళకు అవి పెరుగుతాయి. వార్డులో అన్న ఒంటి మీద తడిబట్టలు మారుస్తూ, "రేపటికి మందు తెలుస్తది" అని చెప్పాను. "రేపటిదాక ఉంటనా?" అని నవ్వబోయి దగ్గాడు.

మర్నాడు ప్లేటు ఎత్తి పట్టడానికి ధైర్యం చాలక మేడమ్ చేతికే ఇచ్చాను. ఆవిడ చూసి నావైపు తిప్పింది. రెండు బిళ్లలకు బయటి వైపులా పొర దట్టంగానే ఉంది. రెంటికీ నడుమ మాత్రం, వేలిగోరంత మేర, తేటగా ఖాళీ ఉంది. ఆ గోరంత జాగాలో మా అన్న ఉన్నాడు. మేడమ్‌ను పట్టుకుని గట్టిగా నవ్వాను. పిచ్చిదాన్నయ్యాననుకుని ఉంటుంది.

పాత మందు మా ఆసుపత్రిలోనే ఉంది, కొత్తది లేదు. ముంబై నుంచి రావాలి. అన్న పక్క రూములవాళ్ళు, కార్ఖానా సేఠ్, నేను తలా ఇంత వేసుకుని తెప్పించాం. సగం కోర్సుకు సరిపడా దొరికింది. మిగతా సగం వెనక బండిలో వస్తుందన్నారు. మొదలుపెట్టాక ఆపకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. వస్తుందన్నారు కదా అని మొదలుపెట్టించాను. అప్పటి నుంచి నా కళ్ళు ఫోను మీదే. మందు మాత్రం పట్టింది. చలి తగ్గింది. అన్న లేచి కూర్చుని గంజి తాగాడు.

పక్క మంచం మీద ఒడిశా మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయనా సాంచలు నడిపేవాడే. ఇద్దరూ మాస్కుల్లోంచి హిందీలో కార్ఖానాల ముచ్చట్లు చెప్పుకునేవారు. సొంతవాళ్ళెవరూ సూరత్‌లో లేక, రూములో తోటివాడైన ఒక పెద్దాయన ఆయనకు తోడుగా వచ్చి వరండాలో కూర్చునేవాడు. అన్నకు జ్వరం దిగుతుండగా ఆ ఒడిశా ఆయనకు ఎక్కింది. ఆయన నెత్తురు కూడా నా చేతికే వచ్చింది. ప్లేటు ఎత్తితే అచ్చం అన్న ప్లేటే. ఆ రెండు బిళ్లల నడుమ అదే గోరంత ఖాళీ. ఆయనకూ అదే మందు రాశారు. వాళ్ళ రూమువాళ్ళూ ముంబైకి కబురు పెట్టారు. రేపో ఎల్లుండో వస్తుందన్నారు.

ఆ సాయంత్రం వార్డుకు వెళ్ళేసరికి అన్న నా కోసమే చూస్తున్నాడు.

"సిస్టరుకు చెప్పిన. నా మందు గాయినకు పెట్టుమన్న."

"ఏంది?"

"నాకు జరం దిగిందే. చెయ్యి వట్టి సూడు. గాయిన కాలిపోతున్నడు. మిగిలింది గాయినకియ్యిండ్రి. ఆయనదచ్చినంక మనం తీసుకుందాం."

పక్కకు చూశాను. ఆ మనిషి కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడటం లేదు. పెద్దాయన మంచం పక్కన నిలబడి ఆయన పాదాలు రుద్దుతున్నాడు. సిస్టరు ట్రే పట్టుకుని నా మొహం చూస్తోంది. తెప్పించుకున్నది మేం, చెప్పవలసింది నేను.

"నీ ఒంట్ల పురుగులు పోలె అన్నా. అణిగి ఉన్నయి. ఇయ్యాల ఆపితే రేపు లేస్తయి. ఈసారి లేస్తే ఈ మందుక్కూడ సావయి. ఇంకొకటి లేదు. దునియల్నే లేదు. సమజైతుందా నీకు?"

"జర జర పంచుతే ఏమైతది?"

"ఇద్దరు సస్తరు. ఇది నీ డబ్బా కాదు పంచనీకి!"

"చెల్లే, ఆయన సచ్చిపోతడే."

"సావనీ!" అన్నాను.

గట్టిగానే అన్నాను. వార్డంతా వినబడింది. ఆయన పాదాలు రుద్దుతున్న పెద్దాయన చేతులు ఆగిపోయాయి. తెలుగువాళ్ళ పక్కన ఏళ్ళ తరబడి సాంచలు నడిపిన మనిషికి ఆ మాట అర్థం కాకుండా ఉంటుందా? నేను సిస్టరు చేతిలోని ట్రే మీద చెయ్యి వేసి, మా అన్నకు పెట్టమని చెప్పాను. సీసా ఖాళీ అయ్యేదాకా మంచానికీ సిస్టరుకూ నడుమ నిలబడ్డాను. అన్న గోడవైపు తిరిగిపోయాడు. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. మళ్ళీ ఆ ట్రే నా ముందుకు వస్తే మళ్ళీ అదే చెబుతాను. కానీ ఆ రుద్దే చేతులు ఆగడం మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు.

మర్నాడు ఆ మనిషి పోయాడు. ఆయన మందు పెట్టె ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి మంచం మీద దుప్పటి మార్చేశారు.

అన్న నాతో మాట్లాడలేదు. గంజి వద్దన్నాడు. నేను ఫోన్ కలిపి ఇస్తే వదినతో "మంచిగున్న" అని ఒక్క మాట అని ఫోను దిండు మీద పెట్టేశాడు. అన్న కోపం తీర్చడానికి నాకు తీరిక లేదు. ఆ పొద్దున ఎక్కించినదే మా దగ్గరున్న ఆఖరి సీసా. వెనక బండి రాలేదు. ముంబైలో మందు పంపేవాడు ఫోను ఎత్తలేదు, ఆ తర్వాత అది మోగడమే మానేసింది. తెలిసిన ప్రతి మందుల షాపుకూ ఫోన్ చేశాను. ఉందన్నవాడు లేడు. సాయంత్రం సీసా పడకపోతే అణిగి ఉన్నవి లేస్తాయి. అవి లేవడం ఎలా ఉంటుందో నాకు తెలిసినట్టు ఆ వార్డులో ఎవరికీ తెలియదు. నేను "సావనీ" అని మరీ పట్టుకున్న మందు ఇప్పుడు సగంలో ఆగిపోతోంది. ఆ మనిషినీ పోగొట్టుకున్నాం, అన్ననూ పోగొట్టుకుంటామా? ల్యాబ్ గుమ్మం దగ్గర ఫోను పట్టుకుని నిలబడి ఏ దేవుణ్ణి పడితే ఆ దేవుణ్ణి మొక్కాను.

అప్పుడే ఆ పెద్దాయన వరండాలోంచి నడిచి వచ్చాడు. చంకలో ఒక అట్టపెట్టె.

నన్ను తిట్టడానికి వచ్చాడనుకున్నాను. తిడితే పడదామనే నిలబడ్డాను. ఆయన పెట్టెను రెండు చేతులతో ముందుకు చాపి, హిందీలో, "దీదీ, ఇది ఇంకా తెరవలేదు. మీ అన్నకు తక్కువ పడుతోందని సిస్టరు చెప్పింది" అన్నాడు.

"నిన్న నేను..." అని ఏదో అనబోయాను.

"మీరన్నది అర్థమైంది దీదీ. ఇచ్చెయ్యమని మీ అన్న అన్నదీ అర్థమైంది" అన్నాడు. పెట్టెను ఇంకాస్త ముందుకు జరిపి, "మా రూములోనూ ఒక డబ్బా ఉంది. మిగిలిన మందును మేమూ పారెయ్యం" అన్నాడు.

పెట్టె తీసుకున్నాను. తీసుకుని ఏం చేశానో తెలుసా? ఆయన మొహం కూడా చూడకుండా ముందు సీలు చూశాను, తర్వాత గడువు తేదీ చూశాను. చెయ్యెత్తి దండం పెట్టాలని గుర్తొచ్చి తలెత్తేసరికి ఆయన మెట్ల దాకా వెళ్ళిపోయాడు. డాక్టరుకు చూపించి, ఒప్పించి, వార్డుకు పరుగెత్తాను.

అన్న బతికాడని ఇప్పుడే చెప్పేస్తాను. ఇవాళ్టికీ వడోద్‌లో సాంచల మధ్య తిరుగుతూ నన్ను డాక్టరమ్మా అనే పిలుస్తాడు. ఆ సాయంత్రం సిస్టరు సీసా తగిలించి గొట్టం కలుపుతుంటే, రోజంతా గోడవైపే ఉన్నవాడు ఇటు తిరిగాడు.

"మనదచ్చిందా?" అన్నాడు.

అవునందామనుకున్నాను. ఆ ఖాళీ మంచం పక్కన నిలబడి అబద్ధం చెప్పలేకపోయాను.

"మనది కాదు అన్నా. గాయినదే. పెద్దాయన తెచ్చిచ్చిండు."

అన్న పక్క మంచం మీది కొత్త దుప్పటి వైపు చాలాసేపు చూశాడు. కళ్ళనీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడవబోతే నా చెయ్యి తీసేశాడు. తర్వాత సూది గుచ్చిన చేతిని తనే సాపుగా చాచి పరుపు మీద పెట్టుకున్నాడు. రెండు పూటలకే గోలీలు కత్తిరించి డబ్బాలో వేసే మనిషి, సీసాలోంచి పడే చుక్కల మీద నుంచి చూపు మరల్చకుండా నాతో అన్నాడు:

"దగ్గరుండి సూడు చెల్లే. సీసల గాని, గొట్టంల గాని, ఒక్క సుక్క గూడ మిగలద్దు."